డేట్ దాటిన స్లైడ్ రోల్స్: ఏ ఐఎస్‌ఓ పెట్టాలి, ఏ కెమికల్‌లో కడగాలి?

బసవనగుడి_ఫ్రేమ్ (బెంగళూరు)

అందరికీ నమస్కారం. మూతపడిన ఒక స్టూడియో నుంచి డేట్ దాటిన స్లైడ్ ఫిల్మ్ (కడిగితే నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చేది) కొంత చేతికొచ్చింది. ఫుజీ సెన్సియా 100, 35 ఎంఎం, ఆరు రోల్స్. అట్టపెట్టెల మీద 2006 అని ఉంది, ఎమల్షన్ నంబర్ (తయారీ బ్యాచ్ నంబర్) ఆరింటికీ ఒకటే. వెల్వియా 50, 120 సైజు (వెనక కాగితంతో వచ్చే వెడల్పు రోల్), నాలుగు, 2009. ఇవి మొదటి నుంచీ ఫ్రీజర్‌లోనే ఉన్నాయట. ఎక్టాక్రోమ్ 64 రెండు, 1994. కోడాక్రోమ్ 64 ఒకటి, పెట్టె లేదు, డబ్బీ మాత్రమే. వెల్వియా తప్ప మిగతావన్నీ చెక్క బీరువాలో ఉన్నవే.

నెగటివ్ ఫిల్మ్‌కి చెప్పే "పదేళ్లకు ఒక స్టాప్" లెక్క, అంటే పాతబడిన ప్రతి పదేళ్లకూ వెలుతురు రెట్టింపు ఇవ్వడం, వీటికీ పనిచేస్తుందా? అలాగైతే సెన్సియాని ఐఎస్‌ఓ 25 దగ్గర తియ్యాలి. స్లైడ్‌కి వాడే ఇ-6 ప్రాసెస్ చేయించడం మేలా, కలర్ నెగటివ్‌కి వాడే సి-41లో క్రాస్ చేయించడం (వేరే ఫిల్మ్ కెమికల్‌లో కడిగించడం) మేలా? నలుపు తెలుపు ఫిల్మ్ ఇంట్లోనే కడుగుతాను. ట్యాంకు, స్పైరల్స్, చేంజింగ్ బ్యాగ్ ఉన్నాయి. రంగుల జోలికి ఎప్పుడూ పోలేదు. కెమెరాలు నికాన్ ఎఫ్‌ఎం2, యాషికా మ్యాట్. లాల్‌బాగ్‌లోనూ కె.ఆర్. మార్కెట్ పూల అంగళ్ల దగ్గరా తియ్యాలని ఉంది.

---

రివర్సల్_బాత్ (జయనగర్)

ఐఎస్‌ఓ 25 మాత్రం పెట్టకండి. ఆ లెక్క నెగటివ్‌ది. స్లైడ్‌లో వయసు ప్రభావం తిరగేసి కనిపిస్తుంది.

పాతబడిన ఫిల్మ్‌లో వెలుతురు తగలని రేణువులు కూడా కొన్ని డెవలప్ అవడానికి సిద్ధమైపోయి ఉంటాయి. అదే ఫాగ్. నెగటివ్‌లో ఆ ఫాగ్ నీడల అడుగున ఒక పొరలా పేరుకుంటుంది, ఎక్స్‌పోజర్ పెంచితే నీడల్లోని వివరం దాన్ని దాటి పైకొస్తుంది. స్లైడ్ కథ వేరు. ఫస్ట్ డెవలపర్ వెలుతురు తగిలిన రేణువులను వెండిగా మారుస్తుంది. మిగిలిపోయిన రేణువుల దగ్గరే కలర్ డెవలపర్ రంగు పుట్టిస్తుంది. ఫాగ్ పట్టిన రేణువులు ఫస్ట్ డెవలపర్‌లోనే ఖర్చయిపోతాయి కాబట్టి, రంగు నిండుగా పట్టాల్సిన నీడల్లో రంగు తగ్గిపోతుంది. చిక్కగా ఉండాల్సిన నలుపు పలచబడి గోధుమరంగుకో ఆకుపచ్చకో దిగుతుంది. డీమ్యాక్స్ (ఫిల్మ్ అందుకోగల అత్యంత చిక్కటి నలుపు) పడిపోయిందంటారు చూడండి, అది ఇదే. దీని మీద రెండు స్టాప్‌లు ఎక్కువ ఇస్తే తెలుపులు ఎగిరిపోతాయి, నలుపు మాత్రం వెనక్కి రాదు. కొత్త స్లైడ్ ఫిల్మే అయిదు స్టాప్‌లకు మించి పట్టుకోదు. పాతది ఇంకా తక్కువ పట్టుకుంటుంది.

రంగు ఎటు తిరుగుతుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. పై పొర నీలానికి, మధ్యది ఆకుపచ్చకి, అడుగుది ఎరుపుకి స్పందిస్తాయి. మూడూ ఒకే వేగంతో పాడవవు. మధ్య పొరలో ఫాగ్ ఎక్కువైతే అక్కడ మెజెంటా తగ్గి నీడలు ఆకుపచ్చగా తేలతాయి. పై పొరలో ఎక్కువైతే పసుపు తగ్గి నీలంగా తేలతాయి. లెన్స్ ముందు ఫిల్టర్ పెట్టి సరిచేద్దామంటే కుదరదు. నీడల్లో ఉన్న ఛాయ వెలుగుల్లో ఉండదు, ఒకటి దిద్దితే రెండోది చెడుతుంది.

సి-41లో మాత్రం ఇదే ఫిల్మ్ నెగటివ్ అయిపోతుంది, అక్కడ ఎక్కువ ఎక్స్‌పోజర్ నిజంగా సాయపడుతుంది. అందుకే రోల్ కెమెరాలో వేసే ముందే ఏ కెమికల్‌లో కడగాలో తేల్చుకోవాలి. ఇ-6 అనుకుని తీసింది సి-41కి తక్కువ పడుతుంది, సి-41 అనుకుని తీసింది ఇ-6లో తెల్లబోతుంది.

మీ దగ్గర ఒకే ఎమల్షన్ నంబర్‌తో ఆరు సెన్సియాలు ఉండటం మంచి అవకాశం. అన్నీ ఒకే చోట ఉన్నవి కాబట్టి ఒక రోల్ తలభాగం పరీక్షకి వాడితే మిగతా అయిదింటికీ ఇంచుమించు అదే ఫలితం. ఎండలో, నలుపూ తెలుపూ రంగులూ అన్నీ ఉన్న ఒకే దృశ్యాన్ని ట్రైపాడ్ మీద నుంచి తీయండి. ఐఎస్‌ఓ 100 మీటరింగ్‌కి అర స్టాప్ తక్కువ, సరిగ్గా, అర స్టాప్ ఎక్కువ, ఒకటి ఎక్కువ, ఒకటిన్నర ఎక్కువ. ఆరో ఫ్రేమ్ లెన్స్‌కి మూత పెట్టి తీయండి, అసలు పరీక్ష అదే. తరవాత మూత తీయకుండానే ఇంకో రెండుసార్లు తిప్పండి. చేంజింగ్ బ్యాగ్‌లో కెమెరా వెనక తలుపు తెరిచి, డబ్బీ నోటికి మూడు నాలుగు సెంటీమీటర్ల ఇవతల కత్తిరించండి. టేకప్ స్పూల్‌కి చుట్టుకున్న ముక్క ట్యాంకులోకి వెళ్తుంది. డబ్బీ నోట్లో మిగిలిన తోక లోపలికి జారిపోకుండా చూసుకుంటే, దానికే కొత్త లీడర్ (కెమెరాలో ఎక్కించే నాలుక) కోసి మళ్లీ వాడుకోవచ్చు.

ముక్క ఆరాక చదవడం ఇలా. లీడర్ భాగం ఎండ తగిలింది కాబట్టి గాజులా తేటగా ఉండాలి. మసక ఉంటే తప్పు కెమికల్‌ది, ఫిల్మ్‌ది కాదు. మూత పెట్టి తీసిన ఫ్రేమ్‌ని ట్యూబ్‌లైట్ ముందు పట్టుకోండి. ట్యూబ్ కనిపించకపోతే నలుపు నిలబడింది, ఇ-6కే వెళ్లండి. వంకాయ రంగులోనో ఆకుపచ్చలోనో ట్యూబ్ స్పష్టంగా కనిపిస్తే ఆ బ్యాచ్‌ని సి-41కి మళ్లించండి. నలుపు బాగుండి, 100 దగ్గర తీసింది ముదురుగా వస్తే ఫిల్మ్ వేగం తగ్గిందని అర్థం. ఏ ఫ్రేమ్ సరిగ్గా ఉందో ఆ ఐఎస్‌ఓ వాడండి.

ఫ్రీజర్ వెల్వియాకి ఇంత తతంగం అక్కర్లేదు. 50 దగ్గరే తీయండి, 40 పెట్టినా పర్లేదు. ఇన్నేళ్ల ఎండాకాలాలు బీరువాలోనే గడిపిన 1994 ఎక్టాక్రోమ్‌కి మాత్రం ఇ-6 మీద ఆశ పెట్టుకోవద్దు.

---

మైలాపూర్_120 (చెన్నై)

120 వెల్వియా గురించి. ఫ్రీజర్‌లోంచి తీసి రేకు కవరు వెంటనే చించకండి. రాత్రి బయట పెట్టి పొద్దున విప్పండి. చల్లటి ఫిల్మ్ మీద గాలిలోని తేమ మంచులా పడితే వెనక కాగితం ఫిల్మ్‌కి అంటుకుని మచ్చలు, ఒక్కోసారి కాగితం మీది అంకెలు కూడా చిత్రంలోకి దిగుతాయి. ఇక్కడ మా సముద్రపు గాలికి ఇది ఖాయం. బెంగళూరులో వానాకాలం అయితే మీకూ అంతే.

పాత 120లో ఫిల్మ్‌ని కాగితానికి అతికించిన టేపు జిగురు ఎండిపోయి ఊడుతుంది. ఊడితే ఫిల్మ్ గేటు దగ్గర ముడత పడుతుంది. యాషికాలో తిప్పుతుంటే బిగుసుకున్నట్టనిపిస్తే బలవంతం చేయకండి, చేంజింగ్ బ్యాగ్‌లో విప్పండి. 35 ఎంఎంకి కూడా ఇదే జాగ్రత్త. పాత ఫిల్మ్ పెళుసెక్కి పళ్ల దగ్గర చిరుగుతుంది. ఫిబ్రవరి, మార్చి పొడి గాలిలో లీవర్ విసురుగా తిప్పితే, గబగబా వెనక్కి చుట్టితే స్థిరవిద్యుత్తు పుట్టి మెరుపు తీగల్లాంటి గీతలు పడతాయి.

ఫ్రీజర్ అన్నిటినీ ఆపదు. వేడి వల్ల వచ్చే ఫాగ్‌ని ఆపుతుంది కానీ, చుట్టూ సహజంగా ఉండే రేడియేషన్‌ని ఆపదు. వేగం ఎక్కువున్న ఫిల్మ్‌కి ఆ దెబ్బ ఎక్కువ. 50కి భయం లేదు. ఎవరైనా ఫ్రీజర్ 400 స్లైడ్ అమ్ముతామంటే మాత్రం ఫ్రీజర్ అన్న మాటకి ఎక్కువ ధర పెట్టకండి. ఇంకో మాట, ఈ రోల్స్‌ని చెకిన్ లగేజీలో వేసి విమానం ఎక్కకండి. చేతి సామాను దగ్గర కూడా సీటీ స్కానర్ ఉంటే చేత్తో చూడమని అడగండి.

ఏం తియ్యాలన్నదానికి: పాత స్లైడ్ వయసు బయటపడేది పెద్ద పెద్ద నీడల్లోనే. ఫ్రేమ్‌లో సగం నలుపు ఉండేలా తీయకండి. మార్కెట్లో పైన రేకుల కప్పు, మధ్యలో ఎండ పట్టీ ఉన్న చోట తీస్తే చీకటి భాగమంతా ఆకుపచ్చ బురదలా వస్తుంది. బంతిపూల గుట్టలు వీధి అంచున తేటనీడలో ఉన్నప్పుడు, లేదా పొద్దున ఎనిమిది లోపు ఎండ మీ వెనక నుంచి పడుతున్నప్పుడు తీయండి. లాల్‌బాగ్ గాజు ఇల్లు తెల్లటి చట్రం కాబట్టి మీటర్ మోసపోయి తక్కువ ఎక్స్‌పోజర్ ఇస్తుంది. స్పాట్ మీటర్ ఉంటే వివరం కావాల్సిన తెలుపుని కొలిచి దానికి ఒకటిన్నర స్టాప్ కలపండి. లేకపోతే ఎఫ్ 16, ఐఎస్‌ఓ 100కి సెకనులో 125వ వంతు అన్న ఎండ సూత్రంతో సరిచూసుకోండి.

---

నీలినీడ (ఇందిరానగర్)

సి-41 వివరాలు. డెవలపర్‌లో 38 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు, మామూలు కలర్ నెగటివ్‌కి ఇచ్చిందే. వచ్చేది నారింజ రంగు లేని తేట బేస్ మీద నెగటివ్. కాంట్రాస్ట్ బాగా పెరుగుతుంది; పాత ఫిల్మ్ పోగొట్టుకున్న కాంట్రాస్ట్‌ని ఇది కొంత భర్తీ చేస్తుంది. అందుకే వయసు మళ్లిన స్లైడ్‌కి క్రాస్ ఒక మంచి దారి, వింత రంగుల సరదా కోసం మాత్రమే కాదు. సెన్సియాని 50 దగ్గర, ఎక్టాక్రోమ్‌ని 20 నుంచి 25 మధ్య తీయండి. పుష్ (డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచడం) చేయించొద్దు, కాంట్రాస్ట్ చేతికందదు.

ల్యాబ్‌కి ముందే ఫోన్ చేసి అడగండి. మినీల్యాబ్ వాళ్లు కొందరు స్లైడ్ ఫిల్మ్ తమ డెవలపర్‌లో వెయ్యరు. అది వాళ్ల ఇష్టం, ఒత్తిడి చేయకండి. ఒప్పుకుంటే డబ్బీ మీద ఇ-6 అన్న అచ్చు కనపడకుండా టేపు వేసి, "సి-41లో కడగాలి" అని పెద్దగా రాయండి. లేకపోతే కౌంటర్‌లో తీసుకున్నవాళ్లు ఒకటి, లోపల కడిగేవాళ్లు ఒకటి చేస్తారు. స్కాన్‌లో ఆటో కలర్ ఆపమని చెప్పండి. వాళ్ల మెషీన్ నారింజ బేస్ ఉంటుందనుకుని దాన్ని తీసేయబోతుంది, రంగులన్నీ ఒకవైపు ఒరుగుతాయి.

ఇంకొకటి. పాత స్లైడ్ ఫిల్మ్‌లో మెజెంటా రంగు నిలవాలంటే ఫార్మాల్డిహైడ్ కావాలి. ఇ-6లో దాన్ని అందించేది ప్రీబ్లీచ్ అనే బాత్. ఇప్పటి సి-41 ఫైనల్ రిన్స్‌లో అది ఉండదు. కాబట్టి క్రాస్ చేసిన పాత రోల్స్ ఏళ్ల తరబడి రంగు నిలుపుకుంటాయని అనుకోకుండా, కడిగిన వెంటనే మంచి స్కాన్ తీసి పెట్టుకోండి.

---

బసవనగుడి_ఫ్రేమ్

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. సెన్సియా పరీక్ష ముక్కని ఇంట్లోనే మూడు బాత్‌ల ఇ-6 కిట్‌తో కడగాలనుకుంటున్నాను. 38 డిగ్రీలు నిలపడానికి చేపల తొట్టె హీటర్ చాలుతుందా? ఇంకో మాట, కోడాక్రోమ్ కూడా ఇదే కిట్‌లో వేసెయ్యొచ్చా?

---

ఉష్ణమాపకం (చామరాజపేట)

చేపల తొట్టె హీటర్లు చాలావరకు 34 దగ్గరే ఆగిపోతాయి. వంటకి వాడే సూ విడ్ కర్ర (నీళ్లని ఒకే వేడి దగ్గర నిలిపే పరికరం) ఉంటే అదే తేలిక. లేదంటే ఎస్.పి. రోడ్డులో సెన్సర్ తీగతో వచ్చే డిజిటల్ థర్మోస్టాట్ దొరుకుతుంది, దానికి చిన్న హీటర్ కలిపించుకోండి. బకెట్ ఇమ్మర్షన్ రాడ్ వాడితే ప్లగ్ పీకకుండా నీళ్లలో చెయ్యి పెట్టొద్దు.

ఫస్ట్ డెవలపర్ ఒక్కదానికే ప్రాణం పెట్టండి. దాని ఉష్ణోగ్రత 0.3 డిగ్రీలకు మించి అటూ ఇటూ పోకూడదు. కలర్ డెవలపర్, బ్లిక్స్ (బ్లీచ్, ఫిక్సర్ కలిపిన బాత్) పని పూర్తయ్యేదాకా జరుగుతాయి కాబట్టి ఒక డిగ్రీ తేడా వచ్చినా ఓర్చుకుంటాయి. థర్మామీటర్ నిజం చెబుతోందా అన్న అనుమానం ఉంటే జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌తో 38 దగ్గర సరిపోల్చండి. ఆ పరిధిలో ఇంట్లో అంతకంటే నమ్మదగినది లేదు.

పెద్ద టబ్బులో 39 డిగ్రీల నీళ్లు పోసి మూడు సీసాలూ ట్యాంకూ అందులో పెట్టండి. ముందు 38 డిగ్రీల మామూలు నీళ్లతో ట్యాంకుని అయిదు నిమిషాలు వేడెక్కించండి. డిసెంబర్ పొద్దుటిపూట చల్లటి ట్యాంకులో పోస్తే డెవలపర్ అప్పటికప్పుడు రెండు డిగ్రీలు పడిపోతుంది. పేటర్సన్ ట్యాంకులో ఒక 35 ఎంఎం స్పైరల్‌కి 290 మిల్లీలీటర్లు, 120కి 500. కిట్ కాగితం ఫస్ట్ డెవలపర్‌కి ఆరు, ఆరున్నర నిమిషాల మధ్య చెబుతుంది. పరీక్ష ముక్కకి అదే పాటించండి. ఫస్ట్ డెవలపర్ పారబోశాక 38 డిగ్రీల నీళ్లతో ఆరేడు సార్లు నింపి పారబోయండి. ఇక్కడ బద్ధకిస్తే ఫస్ట్ డెవలపర్ కలర్ డెవలపర్‌లోకి చేరి రంగులు చెడతాయి. మొత్తం ఎనిమిది లీటర్ల వేడినీళ్లు సిద్ధంగా ఉంచుకోండి.

బ్లిక్స్ పోశాక గ్యాస్ పుడుతుంది, ప్రతిసారీ ఊపాక మూత కొంచెం లేపండి. ఫిల్మ్ బురదగా, ముదురుగా వస్తే గాభరా పడకండి. బ్లిక్స్ చాలక వెండి మిగిలిపోయి ఉండొచ్చు, వెలుతురులోనే మళ్లీ బ్లిక్స్ చేసి కడిగితే తేరుకుంటుంది. తడిగా ఉన్నప్పుడు స్లైడ్ పాలపొర కమ్మినట్టు కనిపిస్తుంది. ఆరేదాకా తీర్పు చెప్పొద్దు. చివరి రిన్స్ బ్యాటరీ అంగట్లో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కలపండి, బోరునీళ్లయితే తెల్లటి చుక్కలు మిగులుతాయి. చేతికి గ్లౌజులు తప్పనిసరి, కలర్ డెవలపర్ చర్మానికి పడదు.

పరీక్షలో నలుపు కొంచెం పలచగా వస్తే నా సలహా: మిగతా రోల్స్‌ని అర స్టాప్ ఎక్కువ ఇచ్చి తీసి, ఫస్ట్ డెవలపర్ ఒక నిమిషం తగ్గించండి. ఫాగ్ తక్కువ డెవలప్ అవుతుంది, నలుపు కొంత దక్కుతుంది.

---

రివర్సల్_బాత్

పైన చెప్పిన ఒక నిమిషం కోత వరకు ఒప్పుకుంటాను. ఒక స్టాప్ పుల్ అంటే రెండు నిమిషాలు తగ్గించాలి, అంతదూరం పోవద్దు. పుల్ చేస్తే కాంట్రాస్ట్ కూడా పడుతుంది, పాత ఫిల్మ్‌లో అసలే అది కరువు. పుష్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఫస్ట్ డెవలపర్ సమయం పెంచితే ఫాగ్ ఇంకా ఎక్కువ డెవలప్ అయి, మిగిలిన నలుపు కూడా పోతుంది.

స్కాన్ చేసేటప్పుడు 16 బిట్ టిఫ్‌లో తీసి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం లెవెల్స్‌లో విడివిడిగా నలుపు బిందువు పెట్టండి. నీడల్లో ఛాయ చాలావరకు అక్కడే తీరుతుంది. మూడూ కలిపి ఒకేసారి దిద్దితే తీరదు. ప్రొజెక్టర్‌లో చూడాలనుకుంటే ఈ దారి లేదు, అందుకే ప్రొజెక్షన్ కోసం తీసేవి ఫ్రీజర్ వెల్వియా మీదే తీయండి.

---

రెంజెట్ (మల్లేశ్వరం)

కోడాక్రోమ్‌ని ఇ-6 కిట్‌లో వెయ్యొద్దు, ల్యాబ్‌లో సి-41కీ ఇవ్వొద్దు. ఆ ఫిల్మ్‌లో రంగు పుట్టించే కప్లర్లు ఉండవు, కోడాక్రోమ్‌కే ప్రత్యేకమైన కె-14 ప్రాసెస్ డెవలపర్లలోనే ఉండేవి. ఇ-6 చేస్తే వెండి మొత్తం పోయి ఖాళీ ప్లాస్టిక్ మిగులుతుంది. పైగా వెనకవైపు రెంజెట్ అనే నల్లటి కార్బన్ పూత ఉంటుంది, అది ఊడి ల్యాబ్ మెషీన్‌లో అందరి ఫిల్మ్‌కీ అంటుకుంటుంది. కోడాక్ తయారీ 2009లో ఆపేసింది. చివరగా కడిగిన డ్వేన్స్ ఫోటో, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోనిది, 2010 డిసెంబర్ 30 దాకానే రోల్స్ తీసుకుంది.

మిగిలింది నలుపు తెలుపు దారి, మీకది ఎలాగూ వచ్చు. ఐఎస్‌ఓ 25 దగ్గర తీయండి. ఇక్కడ వచ్చేది నెగటివ్ కాబట్టి ఎక్కువ ఇవ్వడం సరైనదే. డి-76 డెవలపర్ నీళ్లు కలపకుండా, 20 డిగ్రీలు, 8 నిమిషాలతో మొదలుపెట్టండి. వాడిన డెవలపర్ పారబోయండి. ఫిక్స్ చేసి కడిగాక, లీటరు గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా చాకలి సోడా కరిగించి ఫిల్మ్‌ని ఒక నిమిషం ఉంచండి. తరవాత మెరిసే వెనకవైపు మాత్రమే మెత్తటి స్పాంజితో తుడవండి. నల్లటి మసి ఊడి వస్తుంది. ఆ మసి ఎమల్షన్ వైపు అంటితే వదలదు, అందుకని స్పాంజి మాటిమాటికీ కడుక్కోండి.

బేస్ పసుపు గోధుమ రంగులో ముదురుగా ఉంటుంది. లోపలి పసుపు ఫిల్టర్ పొర సన్నటి వెండితో చేసింది, ఫిక్సర్‌కి అది కరగదు. స్కానర్ దాన్ని దాటి చదవగలదు. స్కానర్‌లో దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ ఆపేయండి, వెండి ఉన్న ఫిల్మ్‌లో అది చిత్రాన్నే దుమ్మనుకుంటుంది. మీ 1994 ఎక్టాక్రోమ్‌లో ఒకటి సి-41లో తేలిపోతే రెండోదానికి ఇదే డి-76 పద్ధతి వాడొచ్చు, రెంజెట్ గొడవ దానికి లేదు.

---

మైలాపూర్_120

ఇంకొకటి చేర్చాలి. ఎవరి దగ్గరైనా ఓర్వోక్రోమ్ యూటీ 18 లాంటి పాత స్లైడ్ ఫిల్మ్ డబ్బీలు, లేదా ఇ-4 (ఇ-6కి ముందటి పాత ప్రాసెస్) అని రాసి ఉన్నవి ఉంటే వాటినీ ఇ-6లో వెయ్యొద్దు. ఆ ఎమల్షన్ 38 డిగ్రీల వేడికి మెత్తబడి బేస్ నుంచి ఊడి వస్తుంది, కిట్ మొత్తం పాడవుతుంది. ట్యాంకులోకి వేసే ముందు డబ్బీ మీద ప్రాసెస్ పేరు చదవండి. పెట్టె పోయినా అది డబ్బీ మీద అచ్చయి ఉంటుంది.